గంటల దొంగ, మా అక్క

ఆ బొమ్మల సీరియల్ పేరు జపాన్ మాట. మా అక్కకు నోరు తిరగలేదు. "గంటల దొంగ" అని తనే పేరు పెట్టుకుంది. కర్నూలులో మా ఇంట్లో వేసవి చివర మొదలై వానలు పడేదాకా ఆ పేరే నడిచింది. మధ్యాహ్నం అన్నం తిన్న చెయ్యి కడుక్కుంటూనే అడిగేది. "గంటల దొంగను ఎప్పుడు పెడతావప్పా?"

అక్క ఊరు బనగానపల్లె దగ్గర పల్లె. డెబ్బై దాటిన మనిషి. మామిడికాయలు దించే రోజుల్లో కొట్టంలో వరిగడ్డి పరిచి కాయలు మాగబెడుతూ, ఆ గడ్డి మీదే కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. కర్నూలులో ఆపరేషన్ చేసి లోపల రాడ్డు వేశారు. ఆసుపత్రి దగ్గరని మా ఇంటికే తెచ్చుకున్నాం. తోట పని ముగిసేదాకా మా మేనల్లుడు పల్లె వదిలి రాలేడు. పొద్దున, సాయంత్రం ఫోన్ చేసేవాడు. ముందు అమ్మ కాలు సంగతి, తర్వాత కాయ ధర సంగతి.

డాక్టర్ పొడుగు మాటల మనిషి కాదు. "ఎముక అతుక్కుంటుంది. అది నా పని. నడవడం ఆమె పని. మళ్లీ చూపించుకోవడానికి వచ్చేలోపు వాకర్ పట్టుకునైనా ఇంట్లో తిరగాలి. చక్రాల కుర్చీకి అలవాటు పడిందంటే ఇక ఆ కుర్చీలోనే" అన్నాడు. ఆసుపత్రి వరండాలో నాకు చెప్పిన మాట అది. తలుపు దగ్గరగా వేసి ఉందే గానీ గడియ పెట్టలేదు. లోపల అక్క వినే ఉంటుంది.

వాకర్ కొన్నాం. నాలుగు కాళ్ల అల్యూమినియం వాకర్. కాళ్లకు రబ్బరు బూట్లు బాగానే ఉన్నాయి గానీ, మడిచే చోట కీలు వదులు. ఎత్తి పెట్టినప్పుడల్లా టకటకమని మోగేది.

రోజూ పొద్దున ఓర్వకల్లు నుంచి స్కూటీ మీద ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది. వచ్చిన కొత్తలోనే ఒకరోజు అక్క మంచం దిగి, వాకర్ పట్టుకుని, గుమ్మందాకా నడిచింది. ఆ అమ్మాయి చప్పట్లు కొట్టింది. "సూపరమ్మా! నిన్ను పరుగు పందేనికి పంపిస్తా!" నా భార్య వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఎనిమిదో తరగతికి పోబోయే మా మనవరాలు ఫోన్ తీసి వీడియో పట్టింది.

నేను మాత్రం ఊరుకున్నానా? ముప్పయ్యేళ్లకు పైగా దినపత్రికలో డెస్క్ మీద కూర్చున్న మనిషిని. జిల్లా పేజీలకు శీర్షికలు పెట్టిన చెయ్యి. చేతిలో మంచి వార్త ఉంటే దాన్ని వెయ్యకుండా ఉండటం మాకు చేతకాదు. "అక్క తొలి అడుగు" అని శీర్షిక, దాని కింద రెండు వాక్యాలు రాసి, వీడియోతో సహా మా బంధువుల గ్రూపులో పెట్టాను. నిమిషాల్లో చప్పట్ల బొమ్మలు, పూలదండల బొమ్మలు వచ్చిపడ్డాయి. ప్రొద్దుటూరులో ఉండే చిన్నాన్న కొడుకు "అక్క చిన్నపాప మాదిరి నడుస్తాంది" అని రాశాడు. అన్నీ అక్కకు చదివి వినిపించాను. అక్క కళ్లు మూసుకుని వింది.

మర్నాడు ఫిజియో అమ్మాయి వస్తే కాలు నొప్పి అంది. ఆ తర్వాత రోజు కళ్లు తిరుగుతున్నాయంది. ఆ పైన కారణం చెప్పడం కూడా మానేసింది. "రేపు చూద్దాం తల్లీ, నువ్వు టీ తాగిపో" అనేది.

భయపడింది అనుకున్నాం అందరం. పడిన మనిషికి మళ్లీ పడతానేమోననే భయం ఉంటుందని ఫిజియో అమ్మాయి చెప్పింది. నా భార్య ఆంజనేయస్వామి తాయెత్తు తెచ్చి కట్టింది. నేను ధైర్యం మాటలు చెప్పాను. మేనల్లుడు ఫోన్‌లో బతిమాలాడు. "మామా, నువ్వన్నా గట్టిగా చెప్పు. నడవకుంటే ఈడ అమ్మకు ఎట్ల కుదురుతాది? ఆమె తోటలోకి పోకుండా ఉండలేదు." అక్క అందరి మాటా వినేది. వాకర్ మాత్రం మంచం పక్క గోడకు ఆనుకునే ఉండేది. అక్క చక్రాల కుర్చీలో కూర్చునేది, మేం తోసేవాళ్లం.

అట్లా తోసుకొచ్చి హాల్లో కూలర్ ముందు కూర్చోబెట్టినప్పుడే గంటల దొంగ కనబడింది. సెలవుల్లో మనవరాలు టీవీ ముందు నుంచి లేచేది కాదు. తెర మీద ఒక పిల్లాడు పెంకుటింటి కప్పు మీద బోర్లా పడుకుని ఉన్నాడు.

"ఆ పిల్లోడు ఏం చేస్తాండాడే?" అని అడిగింది అక్క.

"దొంగతనం అవ్వా."

"ఏం దొంగతనం?"

"గంట."

"గంటనా!" అక్క ముందుకు వంగింది. "ఇంకేం దొరకలేదా వానికి? ముట్టుకుంటానే ఊరంతా వినపడేట్టు అరుస్తాది గదే గంట."

ఆ ఒక్క సందేహంతో అక్క ఆ కథలో పడిపోయింది.

కథ పెద్ద చిక్కుది కాదు. కొండల మధ్య ఒక దేశం. అక్కడి దొర పల్లెల్లో ఉన్న గంటలన్నీ లాక్కున్నాడు. గుడి గంట, బడి గంట, మేకల మెడలో గంట, ఏదీ వదల్లేదు. అన్నీ తన కోటలో, తన మనుషుల ఇళ్లలో పెట్టుకున్నాడు. పల్లెల్లో ఇక పొద్దు తెలీదు, పిలుపు తెలీదు. తాళాలు చేసే ఒక ముసలామె దగ్గర పెరిగిన అనాథ పిల్లాడు ఆ గంటలను ఒక్కోటే దొంగిలించి, ఏ ఊరి గంట ఆ ఊళ్లో పెట్టి వస్తుంటాడు. వాడి వెనక ఒక అధికారి పడతాడు, మంచివాడే, కాకపోతే ఎప్పుడూ ఒక అడుగు ఆలస్యం. పిల్లాడి దగ్గర ఆయుధం ఏమీ లేదు. మెడకు చుట్టుకున్న గుడ్డ ఒకటే. గంట దగ్గరికి పోగానే ఆ గుడ్డ చించి, లోపలి నాలుకకు చుట్టేస్తాడు. గంట మూగబోతుంది.

"ఆ! అట్ల!" అంది అక్క, వాడు మొదటిసారి గుడ్డ చుట్టినప్పుడు. తొడ మీద చెయ్యి చరుచుకుంది కూడా.

కాపు మీద ఉన్నప్పుడు తోటలో గుడిసె వేసుకుని కావలి కాసిన మనిషి అక్క. బావ పోయిన తర్వాత మామిడితోట తనే చూసుకుంది. కాయల దొంగలను చప్పుడును బట్టి పట్టుకునేది. అందుకని ఆ పిల్లాడి మీద ఆమెకు ఫిర్యాదులు చాలా ఉండేవి.

"ఎండుటాకుల మీద అట్ల ఎగరేది ఏందే? మా తోటకొచ్చేటోళ్లు ఆకు మీద కాలు పెట్టరు. ఆకు కిందికి తోస్తారు కాలు. నిదానంగా. వీడిని నేనైతే గట్టు కాడనే పట్టుకుంటా."

"నువ్వు పట్టుకుంటే సీరియల్ అయిపోతుంది కదవ్వా" అంది మనవరాలు.

"అందుకే పట్టుకోను, పెట్టు."

బళ్లు తెరిచారు. మనవరాలు బడికి పోయింది. మాటలు జపాన్‌వి, కింద అక్షరాలు ఇంగ్లీషువి. వాటిని తెలుగులో చెప్పే పని నా మీద పడింది. నాకది పాత పనే. ఏజెన్సీ వాళ్ల ఇంగ్లీషు వార్త చూస్తూ చూస్తూనే తెలుగులో రాసిపారేసిన చెయ్యి. ఇదెంత అనుకున్నాను.

మొదటి మధ్యాహ్నం కళ్లజోడు సర్దుకుని మొదలుపెట్టాను. "పలు గ్రామాల్లో గంటలను అపహరించిన కేసులో నిందితుడైన బాలుడు కోట సమీపంలో సంచరిస్తున్నట్లు అధికారులకు సమాచారం అందింది."

అక్క నా వైపు తిరిగింది. "ఎవరప్పా నిందితుడు?"

"ఆ పిల్లాడే."

"వాడు దొంగ గదా?"

"రుజువు కాలేదక్కా ఇంకా."

"రుజువేంది? గంట వాని సంకలో ఉండాది!"

నేను నవ్వాను గానీ మాట మార్చుకోవడానికి చాలా కష్టపడ్డాను. కోర్టు తేల్చేదాకా ఎవరినీ దొంగ అని రాయకూడదని ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పెద్దాయన ఒకరు నేను రాసిన వార్తల్లో కనిపించిన ప్రతి దొంగనూ కొట్టేసి నిందితుడిని చేశారు. ఆ అలవాటు ఇప్పటికీ నాలుక మీద కూర్చునే ఉంది. "వాడు గోడ దూకాడు" అని అక్షరాల్లో ఉంటే "గోడ దూకినట్లు తెలుస్తోంది" అనేవాణ్ని. "తెలిసేదేందప్పా, ఇద్దరం చూస్తాండాం గదా" అనేది అక్క. నా భార్య కూరగాయలు తరుగుతూ వింటూ ఉండేది. "వదినా, పెళ్లిచూపుల్లో కూడా ఇంతే. పిల్ల నచ్చింది అని చెప్పలేదు. నచ్చినట్లు సమాచారం అన్నాడంట." అక్క నవ్వుతుంటే కుర్చీ చక్రాలు కిర్రుమనేవి.

ఆ గంటసేపు బాగుండేది. అది అయిపోయాక కుర్చీని మళ్లీ గదిలోకి తోసేవాణ్ని. గోడకు ఆనుకున్న వాకర్‌ను అక్క చూసేది కాదు. నేను చూసేవాణ్ని. డాక్టర్ దగ్గరికి పోయే రోజు దగ్గర పడుతోంది.

ఒకరోజు కథలో, పిల్లాణ్ని పెంచిన ముసలామె దొర మనుషులు తోస్తే మెట్ల మీంచి పడింది. వైద్యుడు వచ్చాడు. పిల్లాడు తలుపు చాటున నిలబడి వింటున్నాడు. కింద అక్షరాలు వచ్చాయి. ఇక ఆమె లేవదు, ఈ కుర్చీలోనే, అని. ఆ మాట దగ్గర నా నోరు ఆగింది.

"విశ్రాంతి తీసుకోమంటున్నాడు" అన్నాను.

"అంతేనా?"

"అంతే."

"అంతసేపు మాట్లాడినాడే?"

"మందుల సంగతిలే అక్కా."

అక్క నా మొహంలోకి చూసింది. తర్వాత "రేయ్" అంది. పెళ్లయ్యాక నన్ను అక్క అట్లా పిలిచింది చాలా తక్కువ. "నువ్వు పేపర్లో వార్తలు కోసుకున్నావు, నాకు కోయొద్దు. ఆ ముసల్దాని మొగం చూస్తే తెలీదా నాకు? లేయదని చెప్పినాడు గదా?"

"అవునక్కా."

"ఆ. అట్ల చెప్పు. పెట్టు, ఆ పిల్లోడు ఏం చేస్తాడో చూద్దాం."

పిల్లాడు ఏడవలేదు. వెళ్లి ఇంకో గంట తెచ్చాడు. అక్క కళ్లార్పకుండా చూసింది. ఆ తర్వాత నేను ఒక్క మాట కూడా కొయ్యలేదు.

నాకు అసలు సంగతి తెలిసింది ఆ తర్వాత వచ్చిన భాగంలో. ఒక ఊరి జనం, తమ గంట తెచ్చిస్తున్నది ఎవరో చూడాలని ఇళ్లలో దీపాలు ఆర్పేసి కాపు కాస్తారు. పిల్లాడు మెల్లగా వచ్చి గంట కడుతుండగా ఒక్కసారిగా దీపాలు వెలిగించి బయటికొస్తారు. చప్పట్లు కొడతారు, పేరు పెట్టి పిలుస్తారు. వాడు బొమ్మలా బిగుసుకుపోయాడు. చేతిలో తాడు జారిపోయింది. అంతవరకూ పిల్లిలా నడిచినవాడు, కాలు తడబడి పడ్డాడు. లేచి, కప్పుల మీదుగా పారిపోయాడు.

"పిచ్చోడు. పొగుడుతుంటే పారిపోతాడేం?" అన్నాను.

"పొగిడేదానికి కాదప్పా" అంది అక్క, తెర మీంచి చూపు తిప్పకుండానే. "అంతమంది చూస్తాంటే ఎట్ల నడుస్తాడు వాడు?"

మామూలుగా అన్న మాట. నేను మాత్రం ఆ తర్వాతి రెండు వరుసలు చదవడం మర్చిపోయాను.

సాయంత్రం డాబా మీదికి పోయి ఫోన్‌లో ఆ వీడియో మళ్లీ చూశాను. మొదట చూసినప్పుడు అక్క పాదాలే చూశాను. శీర్షిక పాదాల మీదే పెట్టాను. ఈసారి మనిషిని చూశాను. అక్క ఒంటి మీద నైటీ ఉంది. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు, కట్టు విప్పడానికి సులువని నా భార్యది ఒకటి తొడిగాం. పుట్టి బుద్ధెరిగాక అక్క చీర లేకుండా మగవాళ్ల ముందుకు వచ్చింది లేదు. వీడియోలో, ఫిజియో అమ్మాయి చప్పట్లు కొట్టగానే, అక్క ఎడమచెయ్యి వాకర్‌ను వదిలేసింది. పడిపోయినంత పని అయింది. ఆ చెయ్యి భుజం మీద కొంగు కోసం వెతికింది. అక్కడ కొంగు లేదు. మళ్లీ వెతికింది. తర్వాత దిగి వాకర్‌ను పట్టుకుంది.

దాన్ని నేను మా వంశం మొత్తానికీ పంచాను. మేనల్లుడి మామగారు కూడా ఉన్న గ్రూపు అది. తీసేద్దామని చూస్తే, అందరి ఫోన్లలోంచీ తీసేసే గడువు ఎప్పుడో దాటిపోయింది. అచ్చయిన పేపర్ అంతే, బస్సెక్కిందంటే వెనక్కి రాదు.

కిందికి వచ్చి నా భార్యతో చెప్పాను. ఆమె నన్ను ఒక చూపు చూసింది. మర్నాడు పొద్దున తన పాత నూలు చీర, ఉతికి ఉతికి మెత్తబడింది, తెచ్చి అక్క మంచం మీద పెట్టింది. "వదినా, ఆపరేషన్ గాయం మానింది కదా. చీర కట్టుకుందువా?" అక్క ఆ చీర మీద చెయ్యి వేసి కాసేపు అట్లే ఉంచింది. మడమల పైకి వచ్చేట్టు కుచ్చిళ్లు ఎత్తి కట్టించుకుంది. కొంగు భుజం చుట్టూ తిప్పి దోపుకుంది.

ఫిజియో అమ్మాయికి గుమ్మం దగ్గరే చెప్పాను, చప్పట్లు వద్దని, ఫోన్ బయటికి తీయొద్దని. అయినా అక్క ఆ అమ్మాయి ముందు లేవలేదు. "రేపు తల్లీ." నేను ఇక ఏమీ అడగలేదు. అడగడం కూడా చూడటమే అనిపించింది.

కొద్ది రోజులకు నా పాత బుద్ధి కొన్ని చిన్న సంగతులు గమనించింది. నేను మధ్యాహ్నం కునుకు తీసి లేచేసరికి వాకర్ గోడకు ఆనుకునే ఉండేది, కానీ కీలు వైపు అటుది ఇటు తిరిగి ఉండేది. హాల్లో కూలర్ పక్కన ఎప్పుడూ ఉండే నా చెప్పులు గోడవారకు జరిగి ఉండేవి, ఎవరో దారికి అడ్డం తీసినట్టు. అక్క నుదుట చెమట. కరెంటు ఉంది, ఫ్యాన్ తిరుగుతోంది. "ఉక్కగా ఉండాదప్పా" అనేది. ఆ మాట వార్తగా వస్తే నేను వేసేవాణ్ని కాదు.

ఒకసారి వాకర్‌ను కదిపి చూశాను. చప్పుడు రాలేదు. వంగి చూస్తే, కీలు సందులో పాత నూలు చీర పీలికలు, వేలితో కూరి కూరి, గట్టిగా బిగించి ఉన్నాయి. రబ్బరు బూట్ల జోలికి మాత్రం పోలేదు. జారుతుందని తెలుసు కదా.

నేను ఎట్లా పెట్టి ఉందో అట్లా పెట్టేశాను.

డాక్టర్ దగ్గరికి పోయే ముందు రోజు. నా భార్య చుట్టాలింటికి పోయింది. నేను మందుల షాపుకు పోయి వస్తానని అక్కతో చెప్పి, ఎండలో బయల్దేరాను. వీధి చివరకు పోయాక చీటీ మర్చిపోయానని గుర్తొచ్చి వెనక్కి తిరిగాను. గేటు తీయబోతూ హాలు కిటికీలోంచి లోపలికి చూశాను.

అక్క నడుస్తోంది. కొంగు నడుముకు బిగించి ఉంది. వాకర్ ఎత్తడం, పెట్టడం, అడుగు వేయడం, ఇంకో అడుగు కలపడం. ఎక్కడా చప్పుడు లేదు. గది గుమ్మం నుంచి టీవీ దాకా వచ్చింది, ఆగింది, ఊపిరి తీసుకుంది. టీవీ బల్ల మీద చేత్తో దుమ్ము తుడిచింది, తన ఇల్లు చూసుకున్నట్టు. తర్వాత మెల్లగా మళ్లి వంటింటి వైపు సాగింది. పాదం నేల మీద పెట్టినట్టు లేదు, ఎండుటాకు కిందికి తోసినట్టుంది.

గేటు మీద వేసిన చెయ్యి తీసేశాను. పక్కింటి వేపచెట్టు నీడలో నిలబడ్డాను. జేబులో ఫోన్ ఉంది. దాన్ని బయటికి తీయలేదు. అంత మంచి వార్త నా ఉద్యోగం మొత్తం మీద ఎన్నిసార్లు చేతికొచ్చిందో చెప్పలేను, చేతికొచ్చాక వెయ్యకుండా ఉండటం మాత్రం ఇదే మొదలు. ఆ దారిన పోయే సోడాబండి అతను "ఏమి సార్, ఎండలో నిలబడినారు?" అన్నాడు. తాళంచెవి మర్చిపోయానని చెప్పాను.

చాలాసేపయ్యాక గేటు గడియను కావాలనే గట్టిగా లాగాను. దగ్గాను. చెప్పులు విడుస్తూ ఒకదాన్ని నేలకేసి కొట్టాను. లోపలికి పోయేసరికి అక్క చక్రాల కుర్చీలో ఉంది. కొంగు భుజం మీదికి వచ్చింది. ఊపిరి మాత్రం ఇంకా సర్దుకోలేదు.

"మందులు యాడప్పా?"

"చీటీ మర్చిపోయినా అక్కా."

"మతిమరుపు శానా అయింది నీకు" అంది. "వచ్చినావు గదా, పెట్టు."

పెట్టాను. ఆ భాగంలో అధికారి గుడి ముందు నిలబడి ఉన్నాడు. గంట తిరిగి వచ్చింది, మెల్లగా ఊగుతోంది. నేల మీద గుడ్డ పీలిక ఒకటి పడి ఉంది. అధికారి దాన్ని తీసి చూసి, జేబులో వేసుకున్నాడు. ఊరివాళ్లు అడుగుతున్నారు. నేను కింద అక్షరాలు చదివాను.

"దొంగను చూశారా అని అడుగుతున్నారు."

అక్క వాకర్ వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. తెర మీదే చూపు పెట్టి, నవ్వు బిగబట్టి అంది.

"దొంగ అనొద్దప్పా. చూసినోళ్లు ఎవురూ లేరు గదా. నిందితుడు అను."

"సరే అక్కా" అన్నాను. ఆ రోజు చివరిదాకా నిందితుడు అనే చదివాను.